పాత బేలింగ్ మిషన్ కొనే ముందు: అట్టలు ఏరే చేతులు అడగాల్సిన ప్రశ్నలు

నంద్యాల బజారులో, ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలి దగ్గర రాత్రి షాపులు కట్టేసే వేళకు అట్టపెట్టెలు కుప్పలు పడతాయి. ఫ్యాన్లు, మందులు, చెప్పులు, బిస్కెట్లు అన్నీ అట్టపెట్టెల్లోనే వస్తాయి. ఆన్‌లైన్ సరుకుల డెలివరీ గోదాముల్లో ఈ అట్ట ఇంకా ఎక్కువ. తెల్లవారేసరికి ఆ కుప్పలు ఉండవు. వాటిని ఏరి, విప్పి, చదును చేసి, తాడు కట్టి గుజరీ షాపుకు మోసేది ఎవరో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. వాళ్లలో ఎక్కువ మంది మన వాడల ఆడవాళ్లే.

అదే అట్ట గుజరీ షాపు దాటి, పెద్ద గోదాములో బేలుగా మారి, క్రాఫ్ట్ పేపర్ మిల్లుకు చేరేసరికి కిలో ధర పెరుగుతుంది. అట్ట మారలేదు. మధ్యలో దాన్ని నొక్కి కట్టే యంత్రం ఒకటి వచ్చింది. ఆ యంత్రం వేరొకరిది కాబట్టి పెరిగిన ధర కూడా వేరొకరిదే.

అందుకే చెత్త ఏరే కార్మికుల సంఘాల్లో, వాళ్లతో పనిచేసే విద్యార్థి మిత్రుల్లో ఈ మాట తరచుగా వస్తుంది: మనమే ఒక పాత మిషన్ కొనుక్కుంటే? మంచి ఆలోచనే. కానీ పాత మిషన్‌లో రెండు రకాల మోసం ఉంటుంది. ఒకటి డబ్బు తింటుంది, రెండోది చెయ్యి తింటుంది. ఈ రెండింటి నుంచీ తప్పించుకుంటూ మిషన్‌ను ఎలా ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ముందు బరువు తేల్చాలి

మిషన్ చూడ్డానికి వెళ్లే ముందు ఒక నెల పాటు నోటు పుస్తకంలో లెక్క రాయాలి. రోజుకు ఎంత మంది ఎన్ని కిలోల అట్ట తెచ్చారు? అందులో తడిసింది ఎంత? గుజరీ షాపులో కిలోకు ఎంత ఇచ్చారు, తూకంలో తరుగు ఎంత తీశారు? బేలు కట్టిన అట్టకు కర్నూలులోనో హైదరాబాదులోనో పెద్ద వ్యాపారి ఎంత ఇస్తానంటున్నాడు? ఈ చివరి రెండు ధరల మధ్య తేడాయే మిషన్‌కు ఆధారం. ఆ తేడా తెలియకుండా మిషన్ కొంటే అది షెడ్డులో పడి ఉండే ఇనుమే.

తూకం కూడా మన కాటా మీదే చూసుకోవాలి. పత్తి, వడ్లు అమ్మిన రైతుకు తరుగు అంటే ఏమిటో తెలుసు. అట్ట ఏరే మనిషికి ఆ తరుగు రోజూ పడుతుంది, అయినా దానికి రసీదు ఉండదు.

ఇక లెక్క. కింది అంకెలు ఉదాహరణ కోసం మేము అనుకున్నవి. మీ ఊరి అంకెలు వేసుకుని మళ్లీ కట్టుకోండి.

15 మంది ఆడవాళ్లు, తలా 25 కిలోలు, అంటే రోజుకు 375 కిలోలు. నెలకు 26 పని దినాలు అయితే 9,750 కిలోలు. విడి అట్టకూ బేలుకూ మధ్య తేడా కిలోకు 3 రూపాయలు అనుకుందాం. కట్టే తీగ, కరెంటు కలిపి కిలోకు 40 పైసలు పోతే 2 రూపాయల 60 పైసలు మిగులుతాయి. నెలకు 25,350 రూపాయలు. షెడ్డు అద్దె 6,000, మిషన్ నడిపే మనిషి జీతం 13,000, మరమ్మతుల కోసం పక్కన పెట్టేది 3,000, మొత్తం 22,000. చేతిలో మిగిలేది 3,350. మిషన్ ధర రెండున్నర లక్షలైతే అది తీరడానికి ఆరేళ్లు దాటుతుంది. పాత మిషన్ అంతకాలం నిలుస్తుందని ఎవరూ రాసివ్వరు.

ఇప్పుడు 30 మంది కలిశారనుకుందాం. రోజుకు 750 కిలోలు. ఇంకో మనిషిని పెట్టుకుని మరో 13,000 జీతం ఇచ్చినా నెలకు 15,700 మిగులుతుంది. అదే మిషన్ 16 నెలల్లో తీరిపోతుంది.

ఇదే లెక్కలో ఒక మనిషితో నడిపితే రోజుకు 325 కిలోలు దాటితే గానీ నష్టం ఆగదు. ధర తేడా 2 రూపాయలకు పడిపోతే దాదాపు 530 కిలోలు కావాలి. అట్ట ధర మిల్లుల చేతిలో ఉంటుంది, సీజన్‌ను బట్టి లేస్తుంది, పడుతుంది. అందుకని తక్కువ తేడాకు కూడా లెక్క కట్టి చూసుకోవాలి. ఈ అంకెలు చెప్పేది ఒక్కటే: మిషన్ కంటే ముందు సంఘం పెరగాలి.

ఆళ్లగడ్డ అట్టను నంద్యాలకు తేవచ్చా?

సంఘం పెంచుదాం అనగానే వచ్చే ఆలోచన ఇది. నంద్యాలలో ఒక మిషన్ పెట్టి, జాతీయ రహదారి 40 మీద 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆళ్లగడ్డ నుంచి కూడా అట్ట తెచ్చుకుంటే బరువు పెరుగుతుంది కదా?

ఇక్కడే బోల్తా పడతాం. విడి అట్టలో బరువు కంటే గాలి ఎక్కువ. చదును చేసి పేర్చినా ఒక ఘనపు మీటరులో సుమారు 50 కిలోలే పడుతుంది. టాటా ఏస్ లాంటి చిన్న బండిలో ఎత్తుగా పేర్చినా 6 ఘనపు మీటర్లు, అంటే 300 కిలోలు. బండి కిరాయి 2,000 రూపాయలు అనుకుంటే కిలోకు దాదాపు 6 రూపాయల 70 పైసలు రోడ్డు మీదే పోయాయి. మనం సంపాదించాలనుకున్న తేడా 3 రూపాయలు!

కాబట్టి అట్టను నొక్కాల్సింది బయలుదేరే చోట. ఆళ్లగడ్డలో రోజుకు వంద, నూటయాభై కిలోలే వస్తుంటే అక్కడికి పెద్ద మిషన్ అక్కర్లేదు. 50 నుంచి 80 కిలోల బేలు కట్టే చిన్న నిలువు మిషన్ చాలు. అలాంటి వాటిలో సింగిల్ ఫేజ్ కరెంటు మీద నడిచేవి కూడా ఉంటాయి. ఇద్దరు మనుషులు తోపుడు ట్రాలీ మీద ఆ బేలును కదపగలరు. చిన్న బేళ్లను మిల్లు నేరుగా తీసుకోకపోవచ్చు గానీ, నంద్యాల దాకా బండి నిండా బరువు వస్తుంది. సరుకు దించి ఖాళీగా తిరిగి వచ్చే బండితో కిరాయి మాట్లాడుకుంటే ఇంకా కలిసొస్తుంది.

ఏ రకం, ఎంత సైజు?

బేలింగ్ మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. నిలువు మిషన్‌లో పైనుంచి ఒక బరువైన పలక దిగి, పెట్టెలో వేసిన అట్టను నొక్కుతుంది. నిండాక మనిషి తీగ కట్టి, తలుపు తీసి బేలును బయటికి దొర్లించాలి. అడ్డం మిషన్‌లో అట్ట పక్కనుంచి నొక్కుడు పడుతుంది, పెద్దవాటిలో తీగ కూడా దానంతటదే కట్టుకుంటుంది. రోజుకు చాలా టన్నులు వచ్చే చోటికి అడ్డం మిషన్. వందల కిలోల నుంచి ఒకటి రెండు టన్నుల దాకా నిలువు మిషన్ సరిపోతుంది. పెద్దది చవగ్గా దొరికిందని కొంటే కరెంటు లోడు, పునాది, స్థలం అన్నీ పెద్దవే కావాలి.

బేలు అంటే మన ప్రాంతానికి కొత్త మాటేమీ కాదు. ఆదోని, నంద్యాల వైపు పత్తి మిల్లుల్లో పనిచేసిన వాళ్లకు 170 కిలోల పత్తి బేలు బాగా తెలుసు. ఆ ప్రెస్సులను చూసిన మిస్త్రీ ఒకరిని వెంట తీసుకెళ్లడం మంచిది. అయితే పత్తి ప్రెస్సును అట్టకు మార్చి ఇస్తామనే బేరానికి మాత్రం ఒప్పుకోవద్దు. పెట్టె, తలుపు, తీగ దారులు అన్నీ వేరు.

బేలు బరువు ముందే అంచనా కట్టవచ్చు. మీటరు పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బేలు 0.675 ఘనపు మీటర్లు. బాగా నొక్కితే ఘనపు మీటరుకు 350 కిలోలు పట్టిందనుకుంటే బేలు 236 కిలోలు. రోజుకు 750 కిలోలు వచ్చే సంఘానికి మూడు బేళ్లు. ఒక పూట పని.

అమ్మేవాడు చెప్పే టన్నుల మాట నమ్మక్కర్లేదు, లెక్క కట్టవచ్చు. సిలిండర్ బయటి వ్యాసం కొలిచి, గోడ మందం రెండు వైపులా తీసేస్తే లోపలి వ్యాసం వస్తుంది. అది 15 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 176 చదరపు సెంటీమీటర్లు. మిషన్ నొక్కుతున్నప్పుడు గేజీ ముల్లు చదరపు సెంటీమీటరుకు 160 కిలోల దగ్గర నిలిస్తే, 176ను 160తో గుణించాలి: సుమారు 28 టన్నులు. ముల్లు 100 దాటకపోతే 17 టన్నులు చిల్లర. అతను 40 టన్నుల మిషన్ అంటుంటే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. గేజీ పగిలిపోయి ఉంటే కొత్తది బిగించే దాకా బేరం ఆపండి.

మన అట్టతోనే పరీక్ష

ఖాళీ మిషన్ ఎంత బాగా ఆడినా లెక్కలోకి రాదు. ఒక బండి అట్ట మనమే తీసుకెళ్లాలి. రెండు పూర్తి బేళ్లు కట్టించి, కాటా మీద పెట్టి, టేపుతో కొలవాలి. కనీసం గంటసేపు నడిపించాలి. ఆ గంటలో చూడాల్సినవి ఇవి.

నూనె: పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. నల్లబడి మాడు వాసన వస్తే చాలాకాలం వేడెక్కి నడిచింది. గంట తర్వాత నూనె ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి ఉంటే పంపో వాల్వో అరిగినట్టు అనుమానించాలి. నంద్యాల ఎండలు 45 డిగ్రీలు తాకే రోజుల్లో ఆ మిషన్ మధ్యాహ్నం ఆగిపోతుంది.

రాడ్: సిలిండర్‌లోంచి వచ్చే రాడ్ అద్దంలా మెరవాలి. గీతలు, తుప్పు గుంటలు ఉంటే కొత్త సీలు వేసినా నెలల్లోనే చిరుగుతుంది.

జారుడు: పలకను సగం దించి ఆపి, దాని పక్కన సుద్దముక్కతో గీత గీయాలి. పది నిమిషాలు ఆగి చూడాలి. పలక తనంతట తానే కిందికి జారితే లోపల లీకు ఉంది. ఈ పరీక్ష చేసేటప్పుడు ఎవరూ పలక కింద తల గానీ చెయ్యి గానీ పెట్టకూడదు.

చట్రం: తలుపు బందులు, గడియ, పలక నడిచే దారులు, మూలల్లోని వెల్డింగులు. కొత్తగా రంగు వేసిన చోట ఇంకా జాగ్రత్తగా చూడాలి. పగులును దాచడానికి రంగు కంటే చవకైన మార్గం లేదు. తలుపు మీద పాత వెల్డింగు అతుకులు ఉంటే అది ఒకసారి విరిగిందని అర్థం.

మోటారు: పేరు పలక మీద వోల్టేజీ, ఫేజు, హెర్ట్జ్ చదవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికా వైపు నుంచి వచ్చిన పాత మిషన్ అయితే 60 హెర్ట్జ్ మోటారు ఉండవచ్చు, అది ఇక్కడ సరిగా ఆడదు. ఏడున్నర హార్స్ పవర్ మోటారుకు త్రీ ఫేజ్ కనెక్షన్ కావాలి. ఏపీఎస్పీడీసీఎల్ దగ్గర షెడ్డుకు ఎంత లోడు వస్తుందో, ఏ కేటగిరీలో బిల్లు వేస్తారో అడ్వాన్సు ఇవ్వక ముందే కనుక్కోవాలి.

గొట్టాలు: పైన పగుళ్లు, ఉబ్బులు ఉంటే మార్చాలి. ఒక ముఖ్యమైన హెచ్చరిక: లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకవద్దు. ఆ ఒత్తిడిలో సూదిమొన అంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్కలా కనిపిస్తుంది, చెయ్యి తీసేయాల్సినంత పని అవుతుంది. ఒక అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

చవక ఎందుకు చవకైంది?

పాత మిషన్ ధర తగ్గడానికి కారణం చాలాసార్లు అరుగుదల కాదు, పీకేసిన రక్షణ. అట్ట వేసే చోట ఒక గేటు ఉంటుంది. గేటు తెరిస్తే పలక ఆగిపోవాలి. దానికి ఒక స్విచ్ ఉంటుంది. పని తొందరగా సాగాలని యజమానులు ఆ స్విచ్‌ను తీగతో కట్టేస్తారు, లేదా గేటే తీసేస్తారు. అప్పటి నుంచి పలక దిగుతుండగానే అట్ట తొయ్యాలి. తోసేది ఎవరు? కాంట్రాక్టు కూలీ. ఆ కూలీ ఏ వాడ నుంచి వస్తాడో మనకు తెలుసు.

గేటు తెరిచినప్పుడు పలక ఆగని మిషన్‌ను కొనవద్దు. ఎంత తగ్గించినా సరే. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ పనిచేయాలి, మనిషి నిలబడే చోటికి అందాలి. సరిచేసి ఇస్తానంటే సరిచేశాక మళ్లీ వచ్చి చూడాలి.

బేలు బయటికి తీసేటప్పుడు రెండో ప్రమాదం. లోపల నొక్కుకుపోయిన అట్ట తలుపును బయటికి తోస్తూ ఉంటుంది. ముందు పలకను కొంచెం పైకి లేపి ఒత్తిడి తగ్గించి, తర్వాతే తలుపు గడియను కొద్దికొద్దిగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే తలుపు మనిషిని కొడుతుంది. బిగిసిన తీగను కత్తిరించేటప్పుడు అది కొరడాలా ఎగురుతుంది. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు ఖర్చు కిందికి రావు, మిషన్‌లో భాగమే అనుకోవాలి. చీర కొంగు, చున్నీ బిగించి కట్టుకోవాలి. అట్ట దగ్గర బీడీ వెలిగించకూడదు, అగ్నిమాపక సిలిండర్ చేతికందే చోట ఉండాలి.

పిల్లల సంగతి కూడా. సెలవుల్లో అమ్మకు సాయంగా పిల్లలు వస్తారు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, 14 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం కూడా నేరం. అమెరికాలో 18 ఏళ్లు నిండని వాళ్లు బేలర్ నడపడాన్ని చట్టమే నిషేధించింది. మన షెడ్డు గోడ మీద కూడా ఈ నియమం రాసి ఉండాలి.

కాగితాలు, అప్పు

మిషన్ మీద బ్యాంకు అప్పు ఉందేమో ముందు తేల్చుకోవాలి. మొదటి కొనుగోలు బిల్లు, కరెంటు వైరింగు పటం, మిషన్ నంబరు ఉన్న పలక అడగాలి. అమ్మకం కాగితంలో ఎంత ఒత్తిడి, ఎంత బరువు బేలు పరీక్షలో వచ్చిందో రాయించాలి. డబ్బంతా ఒకేసారి ఇవ్వకుండా, మన షెడ్డులో బిగించి బేలు కట్టిన తర్వాతే చివరి వాయిదా ఇచ్చేలా మాట్లాడుకోవాలి. దింపే క్రేను, పునాది, వైరింగు, కొత్త నూనె ఎవరి ఖర్చో ముందే రాసుకోవాలి.

ఎస్సీ కార్పొరేషన్, ముద్ర, పీఎంఈజీపీ, జాతీయ సఫాయి కర్మచారీల ఆర్థికాభివృద్ధి సంస్థ వంటి దారులున్నాయి. 2024లో కేంద్రం నమస్తే పథకంలోకి చెత్త ఏరే కార్మికులను కూడా చేర్చింది. అయితే రాయితీలు సాధారణంగా కొత్త యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని ఉంటాయి. పాత మిషన్‌కు వర్తిస్తుందా లేదా అన్నది బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. వర్తించదంటే రాయితీతో కొత్తది కొనడం, రాయితీ లేకుండా పాతది కొనడం, ఈ రెండింటిలో ఏది చవకో లెక్క వేసుకోవాలి. కొన్నిసార్లు కొత్తదే చవక పడుతుంది.

తాళం ఎవరి దగ్గర?

అన్నీ సరిగ్గా చేసి మిషన్‌ను ఒక కాంట్రాక్టరు పేరునో, సంఘం పెద్దమనిషి పేరునో పెడితే మళ్లీ మొదటికి వస్తాం. గుజరీ షాపు యజమాని మారతాడు, అంతే. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సంఘం నమోదు చేసుకుని, మిషన్, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా మూడూ సంఘం పేరునే ఉంచాలి. కాటా దగ్గర తూకం అందరికీ కనిపించాలి. మిషన్ నడపడం కనీసం నలుగురు ఆడవాళ్లకు నేర్పాలి. మోటారు పని మగవాళ్లది, ఏరే పని ఆడవాళ్లది అన్న విభజనను షెడ్డులోకి రానివ్వకూడదు.

పుణెలో ఇలాంటి దారి వేసిన వాళ్లున్నారు. 1993లో అక్కడ చెత్త ఏరే వాళ్లు కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అనే యూనియన్ పెట్టుకున్నారు. సభ్యుల్లో ఎక్కువ మంది దళిత స్త్రీలు. గుర్తింపు కార్డులు సాధించారు, సొంత తుక్కు దుకాణం నడిపారు. 2008లో స్వచ్ఛ్ సహకార సంఘంగా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. వాళ్లకు యంత్రాల కంటే ముందు సంఘం వచ్చింది.

స్థలం అడగడానికి 2016 నిబంధనల్లో మనకు ఆధారం ఉండేది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో (వీటి స్థానంలో 2026లో కొత్తవి వచ్చాయి) 15వది, చెత్త ఏరే వాళ్ల సంఘాలను గుర్తించాలనీ, పొడి చెత్తను వేరు చేసుకోవడానికి వాళ్లకు చాలినంత స్థలం ఉన్న కేంద్రాలు పెట్టాలనీ స్థానిక సంస్థలకు చెప్పింది. నంద్యాల, ఆళ్లగడ్డ మున్సిపాలిటీలకు ఇచ్చే వినతిపత్రంలో ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన చూసి రాయాలి. నిబంధనలు మారినప్పుడల్లా కొత్త పాఠం తెచ్చుకుని చదవాలి.

గోదాములతో మాట్లాడేటప్పుడు కూడా రాతపూర్వక ఒప్పందమే. అట్ట ఇస్తాం గానీ గోదాము ఊడవాలి, మరుగుదొడ్లు కడగాలి అనే షరతు వస్తే దానికి వేరే కూలి అడగాలి. అట్టకు బదులు ఊరికే చేసే పని, వెట్టికి కొత్త పేరు.

యంత్రాలంటే చెడు అన్న గాంధేయ వాదాన్ని అంబేడ్కర్ 1945లో వచ్చిన తన పుస్తకంలో తోసిపుచ్చాడు. యంత్రం మనిషికి తీరిక ఇవ్వగలదు, దాని ఫలం అందరికీ అందకపోతే తప్పు యంత్రానిది కాదు, సమాజపు ఏర్పాటుది అన్నది ఆయన వాదన. అట్టల మిషన్‌కు కూడా ఆ మాట వర్తిస్తుంది. తల మీద మోపుతో నాలుగు వీధులు తిరిగే శ్రమను అది తగ్గించగలదు. ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి చేతిని కాపాడుతుంది అన్నది మనం తేల్చుకోవాలి.

ఈ నెలలో చేయగలిగింది చిన్న పనే. నంద్యాలలో ఒకరు, ఆళ్లగడ్డలో ఒకరు నోటు పుస్తకం పట్టుకుని 26 రోజుల తూకం రాయండి. చదువుకుంటున్న మిత్రులు ఆ లెక్క కట్టిపెట్టండి. మిషన్ బేరం ఆ తర్వాత.